దుకాణంలో లేని సాసేజ్‌ని ఎక్కడ వెతకాలి?

హవాయి దీవుల్లో పొద్దుటి ఫలహారమంటే చాలామందికి ఒకే పళ్లెంలో తెల్లన్నం, గుడ్లు, పక్కన ఎర్రగా వేగిన పోర్చుగీస్ సాసేజ్ చక్రాలు. అక్కడి మెక్‌డొనాల్డ్స్ హోటళ్లు సైతం పొద్దున పూట ఇదే పళ్లెం అమ్ముతాయి. ఆ తిండి తిని పెరిగిన మనిషి ఉద్యోగం కోసం అమెరికా నడిమధ్య ఏ కాన్సాస్‌లోనో ఒహాయోలోనో దిగితే, పెద్ద సూపర్‌మార్కెట్ అంతా గాలించినా ఆ సాసేజ్ కనిపించడం కష్టం. మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ ఊళ్ల నుంచి బయటికెళ్లిన వాళ్లదీ ఇదే ఇబ్బంది. అప్పుడు కొందరు చూడ్డానికి దగ్గరగా ఉన్న ఇంకో ఎర్ర సాసేజ్ కొనుక్కుని సర్దుకుంటారు. ఇంకొందరు పోర్చుగల్ నుంచి దిగుమతి అయితే తప్ప ముట్టమని పట్టుబడతారు. రెండు దారుల్లోనూ మంచి సాసేజ్ చేతికందడం అరుదు. పెద్ద కంపెనీల ప్రకటనల బలంతో ఊరూరా చేరిన సరుకు కాదిది. చెరకు కోతకి, తిమింగలాల వేటకి, బట్టల మిల్లుకి, పాల వ్యాపారానికి వలసపోయిన కుటుంబాలతో పాటు వెళ్లి, ఆ కుటుంబాలు స్థిరపడ్డ చోటే పాతుకుపోయింది. వలసలు ఎటు వెళ్లాయో తెలుసుకుంటే సాసేజ్ ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడి నుంచి తెప్పించుకునే వీలు లేకపోతే ఇంట్లో చేసుకోవాలి. ఇంకో దేశపు సాసేజ్‌తో సరిపెట్టుకోవడం కన్నా అది ఎంతో మేలు.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. పోర్చుగల్‌లో సాసేజ్‌లు ఎన్నో రకాలు. సన్నగా పొడుగ్గా ఉండేది లింగ్విసా, లావుపాటిది షొరీసు. నెత్తురుతో చేసేది మొర్సెలా, గోధుమపిండి కలిపేది ఫరిన్యైరా. మిరాందెలా ఊరి పేరుతో ప్రసిద్ధమైన అల్యైరాలో కోడి మాంసం, రొట్టె, వెల్లుల్లి కలుపుతారు. 15వ శతాబ్దం చివర బలవంతంగా మతం మార్చబడిన యూదులు, తామూ పంది మాంసం తింటున్నట్టు ఇరుగుపొరుగుని నమ్మించడానికి దాన్ని తయారుచేసి వేలాడదీసేవారని అక్కడ చెప్పుకుంటారు. బయటి దేశాల్లో పోర్చుగీస్ సాసేజ్ అంటే మాత్రం దాదాపు ఎప్పుడూ లింగ్విసా, లేదా షొరీసు. దాని పుట్టిల్లు పల్లెటూరి వంటగది. డిసెంబరు, జనవరి చలిలో ఇంటింటా పందిని కోసే రోజు ఒకటి ఉండేది. బంధువులు, పక్కింటివాళ్లు అందరూ పనిలో చెయ్యి వేసేవారు. తొడలు హాముకి పోగా భుజం మాంసాన్ని, కొవ్వుని కత్తితో ముక్కలు కోసి, ఉప్పు, వెల్లుల్లి, ఎర్ర మిరప ముద్ద, వైన్ పట్టించి ఒకటి రెండు రోజులు ఊరనిచ్చేవారు. వైన్‌లో వెల్లుల్లితో మాంసం ఊరబెట్టే ఈ పద్ధతే గోవాకి చేరి విందాలూ అయింది. ఊరిన ముక్కల్ని కడిగి శుభ్రం చేసిన పేగుల్లో కూరి, పొయ్యి పైన దూలాలకో, ప్రత్యేకంగా కట్టిన పొగగదిలోనో వేలాడదీసి, ఓక్ కట్టెల పొగలో రోజుల తరబడి ఉంచేవారు. ఉత్తరాన విన్యైష్ ప్రాంతంలో బీసరు జాతి పందుల మాంసంతో చేసే లింగ్విసాకి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఊరు మారితే పాళ్లు మారతాయి కానీ నాలుగు సంగతులు మాత్రం స్థిరం: ముతకగా కోసిన మాంసం, కారం తక్కువ రంగు ఎక్కువ ఉన్న మిరప, వెల్లుల్లితో కూడిన వైన్ లేదా వెనిగర్ పులుపు, కట్టెల పొగ.

దగ్గరి పోలిక ఉన్నది కొనుక్కుంటే సరిపోదా అని అడిగేవాళ్లకి ఈ నాలుగే జవాబు చెబుతాయి. అందరూ మొదట చెయ్యి పెట్టేది స్పెయిన్ చొరీసో మీద. ఎరుపు అదే, వెల్లుల్లి అదే. అయితే చాలా స్పెయిన్ రకాల్లో పొగ రుచి పొగబెట్టి ఎండించిన మిరపపొడి నుంచి వస్తుంది. సాసేజ్‌ని మామూలుగా గాలికి ఆరబెడతారు. పోర్చుగీస్ వాళ్లు ఎక్కువగా పొగ తగలని తియ్యటి మిరప వాడి, సాసేజ్‌కే పొగ పెడతారు. తింటే తేడా వెంటనే తెలుస్తుంది: ఒకదాంట్లో పొగ మసాలాతో పాటు నాలుకకి తగిలితే, రెండోదాంట్లో మాంసం లోపలికి, పైపొరలోకి ఇంకి ఉంటుంది. మెక్సికో చొరీసో మరీ దూరం. అది పచ్చి మాంసం, పెనం మీద వేస్తే పొడిపొడిగా విడిపోతుంది. జీలకర్ర, వెనిగర్, ఎండుమిరప రుచి ముందుకొస్తుంది. పోలండ్ కీల్‌బాసాలో వెల్లుల్లీ పొగా రెండూ ఉన్నా ఎర్ర మిరప ఉండదు. లూసియానా ఆండూయీకి ముతక ముక్కలు, గట్టి పొగ ఉన్నాయి కాబట్టి చిక్కుడుగింజల సూప్‌లో వేయాల్సి వస్తే వీటన్నిటిలో అదే నయం. అయినా దానికి వైన్ పులుపు లేదు. కుండలో ఇంకో పది దినుసులతో కలిసినప్పుడు ఈ లోటు దాగుతుందేమో గానీ, ముక్క కోసి పెనం మీద వేయించి అన్నంతోనో రొట్టెతోనో తిన్నప్పుడు దాగదు. ఈ సాసేజ్‌ని ఎక్కువమంది తినేది అలాగే.

ఇక వలసల దారి. 19వ శతాబ్దంలో న్యూ ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన తిమింగలాల ఓడలు అట్లాంటిక్ మధ్యలో ఉన్న అజోర్స్ దీవుల దగ్గర ఆగి మనుషుల్ని పనిలోకి ఎక్కించుకునేవి. అలా న్యూ బెడ్‌ఫర్డ్ చేరినవాళ్ల వెంట బంధువులు వచ్చారు. వేట తగ్గాక ఫాల్ రివర్ బట్టల మిల్లుల్లో కుదిరారు. 1957లో ఫయాల్ దీవి తీరాన కాపెలిన్యూష్ అగ్నిపర్వతం బద్దలై పొలాలనీ ఇళ్లనీ బూడిదలో ముంచింది. రోడ్ ఐలండ్ సెనేటర్ జాన్ పాస్తోరే, మసాచుసెట్స్ సెనేటర్ జాన్ ఎఫ్. కెనెడీ ముందుండి తెచ్చిన 1958 నాటి శరణార్థుల చట్టంతో వేలమంది అజోర్స్ వాసులు మళ్లీ ఆ ఊళ్లకే వచ్చారు. సాసేజ్ విషయంలో ఈ రెండో అల చాలా ముఖ్యం. మామూలుగా వలసవాళ్ల మూడో తరానికి అమ్మమ్మ చేతి రుచి సన్నగిల్లి, తయారీదారులు బయటి జనానికి నచ్చేలా ఉప్పూ పొగా తగ్గిస్తారు. ఇక్కడ మాత్రం పాత రుచి నాలుక మీద తాజాగా ఉన్న కొనుగోలుదారులు మళ్లీ వచ్చి దుకాణం ముందు నిలబడ్డారు. సరుకు దిగజారకుండా చూసే కాపలా తయారీదారుడి మంచితనం ఒక్కటే కాలేదు. తేడా చెప్పగల కొనేవాళ్లు కూడా కావాలి. 1920ల నుంచి నడుస్తున్న గాస్పర్స్ లాంటి కుటుంబ సంస్థలు మసాచుసెట్స్ దక్షిణ తీరాన ఇప్పటికీ నిలవడానికి, అక్కడి మామూలు శాండ్‌విచ్ కొట్లలో షొరీసు, మిరపకాయలు పెట్టిన రొట్టె ఇప్పటికీ దొరకడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

హవాయి శాఖ వేరే. 1878 సెప్టెంబరులో ప్రిసిల్లా అనే ఓడ మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలతో హోనోలూలూ చేరింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా మదీరా, అజోర్స్ నుంచి ఓడలు వస్తూనే ఉన్నాయి; చాలామంది భార్యాపిల్లలతో సహా వచ్చారు. కుటుంబాలతో రావడం వల్ల వంటిల్లూ వచ్చింది. తోటల్లో వీళ్ల పక్కన చైనా, జపాన్, తర్వాత ఫిలిప్పీన్స్ కూలీలు ఉండేవారు. మధ్యాహ్నం తిండి పంచుకున్న చోట సాసేజ్‌కి అన్నం జోడీ అయింది, చక్కెర చేరింది, తీపి పెరిగింది. రెడోండోస్, హీలో ఊరి ఫ్రాంక్స్ ఫుడ్స్ లాంటి పేర్లతో అమ్మే హవాయి సాసేజ్ మసాచుసెట్స్ లింగ్విసా కన్నా తియ్యగా, మెత్తగా ఉంటుంది. కాలిఫోర్నియాలో అజోర్స్ వాళ్లు శాన్ వాకీన్ లోయలో పాడి పశువులు పెట్టుకున్నారు. శాన్ హోసే చుట్టుపక్కల సిల్వా, నేటో పేర్లతో సాసేజ్ తయారీలు వెలిశాయి. అమెరికాలో తెలుగువాళ్లు చిక్కగా ఉన్న ప్రాంతాల్లో శాన్ హోసే ఒకటి. మనవాళ్లు కిరాణా కోసం తిరిగే రోడ్లకి కాస్త దూరంలోనే పోర్చుగీస్ చర్చి, బేకరీలు, హోటళ్లు ఉన్న పేట ఉంది. న్యూజెర్సీలో నూవర్క్ ఊరి ఐరన్‌బౌండ్ పేట, కెనడాలో టొరొంటో డండాస్ వీధి, లండన్‌లో స్టాక్‌వెల్ కూడా ఇలాంటి చోట్లే.

అందుకని వెతకబోయేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది తమకి కావలసింది ఏ శాఖ అన్నది. హవాయి రుచి అలవాటైన నాలుకకి ఫాల్ రివర్ షొరీసు పుల్లగా, ఘాటుగా తోస్తుంది. అటువాళ్లకి ఇటుది తీపెక్కువ. చాలా నిరాశలకి మూలం ఈ పొరపాటే. శాఖ తేలాక ఆ వలస ఊళ్ల తయారీదారులు నేరుగా ఇంటికి పంపుతారేమో చూడాలి. పంపేవాళ్లు ఉన్నారు. దగ్గర్లో పోర్చుగీస్ బేకరీ గానీ, అజోర్స్ వాళ్ల పరిశుద్ధాత్మ పండగ జరిపే సంఘం గానీ ఉంటే సాసేజ్ ఎక్కడి నుంచి వస్తోందో అక్కడ అడిగితే తెలుస్తుంది. ఆ పండగకి సూప్ వండేవాళ్లకి సరఫరాదారు ఎవరో తెలియకుండా ఉండదు. హవాయి వాళ్లకైతే లాస్ వేగస్ ఉంది. దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు అంతమంది ఉన్నందునే ఆ ఊరిని తొమ్మిదో దీవి అంటారు. ప్యాకెట్ చేతికొచ్చాక దినుసుల పట్టీ చదవాలి. అమెరికాలోనూ ఐరోపాలోనూ మన దేశంలోనూ బరువులో ఎక్కువున్న దినుసు ముందు రాయాలన్నదే నియమం. పంది మాంసం మొదట ఉండి, వెల్లుల్లి, మిరప, వెనిగర్ లేదా వైన్ పేర్లు కనబడితే ఆశ పెట్టుకోవచ్చు. కోడి మాంసపు గుజ్జు, సోయా పిండి, మొక్కజొన్న పాకం ముందు వరసలో ఉంటే పైన ఏ జెండా బొమ్మ ఉన్నా వదిలెయ్యడమే మంచిది. కోసి చూస్తే మాంసం ముక్కలూ కొవ్వు ముక్కలూ విడివిడిగా కనిపించాలి. అంతా ఒకే గులాబీ ముద్దలా ఉంటే అది రంగేసిన హాట్ డాగ్.

ఇంత తిరగడం ఎందుకు, అసలు సిసలు సరుకు పోర్చుగల్‌లోనే ఉన్నప్పుడు అక్కడి నుంచే తెప్పించుకోవచ్చు కదా అనే వాదన ఉంది. వినడానికి న్యాయంగానే ఉన్నా, రెండు చోట్ల అది నిలబడదు. మొదటిది సరిహద్దు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు ఆఫ్రికా ఖండం దాటి మొదటిసారి బయటపడింది 1957లో, లిస్బన్ దగ్గరే. ఆ వైరస్ ఉప్పు పట్టి ఎండిన మాంసంలో కూడా నెలల తరబడి బతుకుతుంది. అప్పటి నుంచి చాలా దేశాలు పంది మాంసపు సరుకుల దిగుమతిని గట్టిగా కట్టడి చేశాయి. ప్రయాణికుల పెట్టెలో సాసేజ్ దొరికితే తీసి పారేస్తాయి. ఇది అర్థంలేని కట్టుబాటు కాదు. అదే జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడి అక్కడి పెంపకందారుల బతుకుల్ని దెబ్బతీసింది. అనుమతులతో సక్రమంగా దిగుమతయ్యే సరుకు కొంత ఉన్నా, దూరప్రయాణం తట్టుకోవడానికి బాగా ఎండబెట్టిన రకాలే ఎక్కువ. పెనం మీద వేయించితే రసం కారే మెత్తటి సాసేజ్ కోరేవాళ్లకి అవి కుదరవు. రెండో సంగతి, అసలుదంటే ఒకటే అనుకోవడం. ఒక ఇంటి ఆవకాయ ఇంకో ఇంటికి సరిపడనట్టే, దక్షిణ పోర్చుగల్‌లోని అలెంతేజూ సాసేజ్ ఉత్తరాది విన్యైష్ వాళ్లకి పరాయిది. ఫాల్ రివర్‌లో వందేళ్లుగా తయారవుతున్న షొరీసుని నకలు అనడానికి నాకు మనసొప్పదు. అజోర్స్ పల్లెల చేతి పద్ధతి ఆ ఊళ్లో తరాలుగా తెగకుండా కొనసాగుతోంది.

తెలుగునాట కూర్చుని ఇది వెతికేవాళ్లకి అన్నిటికన్నా దగ్గర గోవా. పోర్చుగీస్ వాళ్లు 1510లో గోవా పట్టుకున్నారు, 1961 దాకా ఏలారు; ఆ నాలుగున్నర శతాబ్దాల్లో షొరీసు పూర్తిగా గోవాదైపోయింది. వైన్ స్థానంలో కొబ్బరి కల్లు వెనిగర్ వచ్చింది. తియ్యటి మిరప పోయి కారం మిరప వచ్చింది. అల్లం, పసుపు, జీలకర్ర, లవంగం, మిరియాలు చేరాయి. పూసల దండలా కట్టి ఎండలో ఎండించి, వర్షాకాలానికి నిల్వ చేస్తారు. మాపుసా శుక్రవారం సంతలో దండలు దండలుగా వేలాడుతుంటాయి. ఉల్లిపాయ, బంగాళాదుంపలతో ఉడికించి పావ్‌లో పెట్టుకుంటే దాని ముందు ఇంకో సాసేజ్ అక్కర్లేదు. అయితే పోర్చుగీస్ సాసేజ్ కావాలనుకున్న వంటకంలో ఇది వేయొద్దు. బంగాళాదుంప, ఆకుకూరల పల్చటి పోర్చుగీస్ సూప్ కాల్దు వెర్ద్‌లో గోవా పూస ఒకటి పడితే కుండంతా విందాలూ వాసన వస్తుంది.

తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని అన్న అభ్యంతరం గట్టిదే. మంచుపెట్టెలో పెట్టి పంపే సరుకుకి రవాణా ఖర్చు కొన్నిసార్లు సాసేజ్ ధరని మించుతుంది. నలుగురు కలిసి ఒకే పెట్టె తెప్పించుకుంటే భారం పంచుకున్నట్టవుతుంది. గాలి తీసి మూసిన పొట్లాలు ఫ్రీజర్‌లో నిలుస్తాయి. ఇదీ కుదరకపోతే, ఇప్పటికే సాసేజ్‌లు చేస్తున్న మాంసం కొట్టువాడిని చేసిపెట్టమని అడగొచ్చు. యంత్రం, పేగులు అతని దగ్గర ఉంటాయి, కావలసింది పాళ్లు మాత్రమే. చివరి దారి సొంత చెయ్యి. ఇంట్లో చేస్తే అసలు రుచి రాదనే వాళ్లు ఒకటి మర్చిపోతున్నారు: ఈ సాసేజ్ మొదట ఇంట్లోనే పుట్టింది, ఫ్యాక్టరీ తర్వాత వచ్చింది. కిలో భుజం మాంసం తీసుకోవాలి, అందులో పావు వంతు కొవ్వు ఉండాలి. కొవ్వు తక్కువైతే ఎంత మంచి మసాలా వేసినా ముక్క పిప్పిలా అవుతుంది. బాగా చల్లబరిచి వేలి గోరంత ముక్కలుగా కోసి, 18 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల దంచిన వెల్లుల్లి, అంతే బరువు ఎర్ర మిరపపొడి, ఒక బిర్యానీ ఆకు, అరగ్లాసు కన్నా తక్కువ ఎర్ర వైన్, లేదంటే రెండు మూడు చెంచాల వెనిగర్ కలపాలి. హవాయి రుచి కావాలంటే రెండు చెంచాల చక్కెర. మిరపే ఇక్కడ ప్రాణం. గుంటూరు కారం వేస్తే రంగు వచ్చేలోపే నోరు మండిపోతుంది. మన వరంగల్ చపాటా మిరప లావుగా, ముదురు ఎరుపుగా, కారం తక్కువగా ఉంటుంది. కర్ణాటక బ్యాడిగీది కూడా ఇంచుమించు అదే గుణం. అమెరికా ఖండం నుంచి మిరపని మన రేవులకి చేర్చింది పోర్చుగీస్ నావికులే కాబట్టి, చపాటా మిరప వాళ్ల సాసేజ్‌లోకి వెళ్లడంలో వింతేమీ లేదు. ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఊరనిచ్చి, పేగుల్లో కూరే ముందు చిన్న బిళ్ల వేయించి రుచి చూసి ఉప్పూ పులుపూ సరిచేసుకోవాలి. పేగులు దొరక్కపోతే బిళ్లలుగానే వేయించుకోవచ్చు. పొగ ఉండదు గానీ మిగతా మూడు లక్షణాలూ ఉంటాయి.

ఇంట్లో మాంసం ఊరబెట్టడం ప్రమాదం కాదా అన్న భయాన్ని కొట్టిపారేయకూడదు. సాసేజ్ లోపల గాలి ఆడదు. గోరువెచ్చటి పొగలో గంటల తరబడి ఉంటే బొటులిజం కలిగించే బ్యాక్టీరియాకి అనువైన చోటు అవుతుంది. 1820లలో జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఈ జబ్బుని వివరంగా రాసింది పాడైన సాసేజ్‌లు తిన్న రోగుల్ని చూసే. అందుకే గీత స్పష్టంగా గీసుకోవాలి. పొగ పెట్టకుండా తాజాగా వండుకునేదానికి మామూలు ఉప్పు చాలు; ఊరిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో వండాలి, లేదా ఫ్రీజర్‌లో పెట్టాలి. పొగ పెట్టేదానికి సోడియం నైట్రైట్ 6.25 శాతం ఉన్న క్యూరింగ్ ఉప్పు కిలో మాంసానికి 2.5 గ్రాములు, కచ్చితంగా తూకం వేసి కలపాలి. చెంచాతో అంచనా వేయకూడదు, ఎక్కువైతే అదీ విషమే. తాజాదైనా పొగ పెట్టినదైనా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడాలి. ఈ రెండు పరికరాలు, అంటే గ్రాముల్లో తూచే త్రాసు, థర్మామీటర్ లేనివాళ్లు పొగ జోలికి పోకపోవడమే మంచిది.

ఆరోగ్యం సంగతి మిగిలింది. పొగ పెట్టిన, నిల్వ చేసిన మాంసాలు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో తేల్చింది. రోజూ 50 గ్రాములు తినేవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. ఆ హెచ్చరిక ఈ సాసేజ్‌కీ వర్తిస్తుంది, మినహాయింపు లేదు. ఆ లెక్క రోజూ తినే అలవాటుకి సంబంధించినది. హవాయి ఫలహారంలా ప్రతి పొద్దూ పళ్లెంలో పెట్టుకోవడం మంచిది కాదు. పోర్చుగల్ పల్లెల వాడుక అంతకన్నా పొదుపైనది. చలికాలంలో చేసుకున్న దండ ఏడాది పొడుగునా రావాలి కాబట్టి, కాల్దు వెర్ద్ గిన్నె ఒక్కోదాంట్లో ఒకటో రెండో చక్రాలు వేసేవారు. ఎర్ర చిక్కుడుగింజలు, బంగాళాదుంప, క్యాబేజీ వేసి వండే హవాయి పోర్చుగీస్ సూప్‌లోనూ అంతే. నాలుగైదుగురికి సరిపడే కుండకి 200 గ్రాముల సాసేజ్ ముందు వేయించి, ఆ ఎర్ర కొవ్వులోనే ఉల్లి, వెల్లుల్లి వేస్తే రుచి కుండంతా పరుచుకుంటుంది. ఆ లెక్కన ఇంట్లో చేసుకున్న కిలో సాసేజ్ అలాంటి ఐదు కుండలకి వస్తుంది, దూరం నుంచి తెప్పించిన కిలోకి పడ్డ రవాణా ఖర్చూ ఐదు పూటల మీద సర్దుకుంటుంది.